గాలిగోపురం దాకానే ఎందుకంత నిలువు?

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పాదాల మండపం దగ్గర మొదలుపెట్టి గాలిగోపురం చేరేదాకా ఊపిరి మన మాట వినదు. మొత్తం 3550 మెట్లలో రెండు వేలకు పైగా అక్కడికే అయిపోతాయి. గోపురం దాటామో లేదో దారి ఉన్నట్టుండి మెత్తబడిపోతుంది. చెట్ల మధ్య, జింకల పార్కు పక్కన, కాళ్ల నొప్పి మర్చిపోయేంత చదునుగా సాగుతుంది. మళ్లీ చాలాసేపటికి, మోకాళ్ల పర్వతం దగ్గర గానీ కొండ తన సంగతి గుర్తుచెయ్యదు.

పదేళ్లప్పుడు మా చిన్నాయనను అడిగాను, ఇట్లా ఎందుకుందని. "పాపాలన్నీ ఆడనే రాలిపోవాల గదా నాయనా, అందుకని" అన్నాడు. నమ్మాను. పదేళ్ల పిల్లోడికి అంత ఆయాసం వచ్చేన్ని పాపాలు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని మాత్రం కొంచెం దిగులేసింది.

అసలు జవాబు పాతికేళ్ల తర్వాత దొరికింది. డిగ్రీ కాలేజీలో జియాలజీ పాఠాలు చెప్పే స్నేహితుడొకడు నాతో పాటు నడిచి వచ్చాడు. వాడు మెట్లు లెక్కపెట్టడు, పసుపు కుంకుమ పెట్టడు, పక్కనున్న కొండవైపే చూస్తూ ఎక్కుతాడు. నా ప్రశ్న విని నవ్వి, "మెట్లు కట్టినోళ్లు చేసిందేం లేదు. కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్. అంతే" అన్నాడు.

ఆ 'అంతే'లో ఎంత ఉందో తెలియడానికి నాకు ఇంకో నాలుగైదుసార్లు ఎక్కాల్సి వచ్చింది.

తిరుపతి ఊళ్లో ఏ మిద్దె మీదికైనా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. కొండ కింది భాగం వాలుగా, పొదలతో, అక్కడక్కడ గుండ్లతో ఉంటుంది. ఆ వాలు మీద నిలబెట్టినట్టు పైన రాతిగోడ. సాయంత్రం ఎండ పడితే ఆ గోడలో అడ్డంగా పొరలు కనిపిస్తాయి, చీర మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. కింది వాలు గ్రానైట్. పై గోడ క్వార్ట్‌జైట్. గ్రానైట్ ఎండకీ వానకీ పొరలు పొరలుగా ఊడుతుంది, మూలలు అరిగి గుండ్లవుతుంది, ఇసకమన్నయి జారుతుంది. అందుకే వాలు. క్వార్ట్‌జైట్ అట్లా లొంగదు. అది ఒకప్పటి ఇసక. రేణువుకీ రేణువుకీ మధ్య సందుల్లో సిలికా చేరి, గట్టిపడి, చివరికి రేణువేదో అతుకేదో తెలియనంతగా కలిసిపోయిన రాయి. మనవాళ్లు పలుగురాయి అనే జాతి. కత్తితో గీస్తే అరిగేది కత్తే. అది అరగదు, విరుగుతుంది. అందుకే నిలువు గోడ. ఆ గోడ అంచుకి చేరాక పైనంతా పరుపు పరిచినట్టు పొరలే కాబట్టి నడక చదును.

గాలిగోపురం ఆ అంచున ఉంది. పాపాల లెక్క ఎట్లా ఉన్నా, ఆయాసం లెక్క మాత్రం ఇదే.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఏమిటంటే, ఇంత సంగతి ఆ దారిలో ఎక్కడా రాసి లేదు. రోజూ వేలమంది ఆ రాళ్ల మీద నుంచి నడిచిపోతారు. ఎన్నో మెట్టు మీద ఉన్నామో తెలుస్తుంది, ఏ రాయి మీద ఉన్నామో తెలియదు. ఇది లోటే అంటాను నేను. భక్తికి కూడా లోటే అంటాను. రెండో మాట మీద మా ఇంట్లో పెద్ద గొడవే అయింది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు ఆ రెండు రాళ్లూ కలిసే గీత గురించి చెప్పాలి.

గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటిది. నేల లోపల కరిగిన ముద్ద మెల్లగా చల్లారి, స్ఫటికాలు కట్టి తయారైంది. అంటే అది పుట్టింది పైన కాదు, లోతున. దాని మీద కిలోమీటర్ల మందాన ఇంకేదో రాయి ఉండి ఉండాలి. ఆ పై రాయంతా అరిగి కొట్టుకుపోయి, గ్రానైట్ బయటపడి, అదీ అరిగి నున్నని మైదానమై, ఆ తర్వాత దాని మీదికి నీళ్లొచ్చి, నీళ్లు ఇసక తెచ్చి పరిచాయి. ఆ ఇసకే ఇప్పటి క్వార్ట్‌జైట్. గ్రానైట్ చల్లారడానికీ మొదటి ఇసక పడడానికీ మధ్య ఎంత కాలం గడిచిందన్న దాని మీద శాస్త్రవేత్తల లెక్కలు మారుతూ వచ్చాయి. అందరికంటే తక్కువ చెప్పేవాళ్లు కూడా 50 కోట్ల ఏళ్లంటారు. ఇంకా చాలా ఎక్కువని చెప్పేవాళ్లూ ఉన్నారు. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది.

పేరు నోరు తిరగదు, విషయం మాత్రం సులువే. ముత్తాత కట్టిన ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. మొండి పునాది మిగిలింది. ఆ పునాది మీదే మునిమనవడు కొత్త గోడ లేపాడు. గోడ చూస్తే మునిమనవడి సంగతి తెలుస్తుంది, పునాది చూస్తే ముత్తాత సంగతి తెలుస్తుంది. మధ్యలో ఎవరు బతికారో, ఏం జరిగిందో ఇల్లు చెప్పదు. ఇటుక ఎక్కడ పునాదిని తాకిందో ఆ సందులోనే ఆ కాలమంతా ఉంది.

50 కోట్ల ఏళ్లంటే ఎంతో చెప్పడానికి ఇంకో దారి. ఇవాళ్టి నుంచి అంత వెనక్కి వెళితే నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు, నాలుగు కాళ్ల జంతువు లేదు. అడవులూ, డైనోసార్లూ, పక్షులూ, ఏనుగులూ, కోతులూ, మనమూ, మన దర్శనం టోకెన్లూ అన్నీ ఆ వ్యవధిలో వచ్చినవే. అంత కాలం తిరుమల కొండలో ఒక గీత మందంలో ఉండిపోయింది.

స్కాట్లండ్‌లో సిక్కార్ పాయింట్ అని సముద్రం ఒడ్డున ఒక చోటుంది. 1788లో జేమ్స్ హట్టన్ అనే ఆయన పడవలో అక్కడికి వెళ్లి ఇట్లాంటి గీతే చూశాడు. భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనన్న నమ్మకం కూలిపోవడానికి అదొక పెద్ద కారణం. పక్కనున్న స్నేహితుడు ప్లేఫెయిర్, అంత లోతు కాలంలోకి తొంగిచూస్తే తల తిరిగినట్టయిందని తర్వాత రాసుకున్నాడు. ప్రపంచంలో జియాలజీ చదివేవాళ్లకి ఆ చోటు కాశీ లాంటిది. అక్కడ రెండు రాళ్ల మధ్య తేడా సుమారు ఆరున్నర కోట్ల ఏళ్లు. మన గీతలో పట్టిన కాలం, తక్కువ లెక్క తీసుకున్నా, దానికి ఏడెనిమిది రెట్లు. మన దగ్గర మాత్రం ఆ గీత పక్కనుంచి బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోతుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ గీత బాగా కనిపించేది ఘాట్ రోడ్డు కోసం కొండను కోసిన చోట. మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1970లలో. రోడ్డు కోశారు కాబట్టే కొండ లోపల ఏముందో బయటపడింది. కానీ ఘాట్‌లో బండి ఆపడం కుదరదు, కుదరకూడదు కూడా. వెనకాల బస్సు, ముందర మలుపు. జాతీయ స్మారకమని పేరుంది, నిలబడి చూసే వీలు లేదు. కళ్లకీ కాళ్లకీ తీరిక ఉండేది నడిచేవాళ్లకే. వాళ్లు కూడా ఆ గీతను ఎక్కడో ఒకచోట దాటుతారు, దాటకుండా పైకి పోలేరు. కాకపోతే వాళ్ల కాళ్ల కింద ఉన్నది కట్టిన మెట్టు, తల మీద ఉన్నది పైకప్పు. ఆ కప్పు మీద నాకు కోపం లేదు. మే నెలలో ఎక్కినవాడెవడూ దాన్ని తిట్టడు. అయితే అది కొండని మన కళ్ల నుంచి సగం దాచేసిన మాట నిజం.

నేను ఆ గీతను నడకదారిలో ఎప్పుడూ కచ్చితంగా పట్టుకోలేకపోయాను. పట్టుకోగలిగింది రాయి మారిన సంగతిని. కింద ఉన్నప్పుడు దారి పక్క బండ మీద చెయ్యి పెడితే గరుగ్గా, బియ్యం రవ్వలా తగులుతుంది. దగ్గరగా చూస్తే లేత గులాబీ రంగు గింజలు, తెల్లటి గింజలు, వాటి మధ్య నల్లటి చుక్కలు. గోరుతో గీరితే అరిగిన బండ నుంచి ఒక్కోసారి గింజ ఊడివస్తుంది. అదే గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి రాయి ఒకటే రంగు. విరిగిన అంచు బ్లేడులా ఉంటుంది. గింజలు కనిపించవు, ఎండలో చక్కెర పలుకులా మెరుస్తుంది.

ఇట్లాంటి ఒక ముక్కని నేను చిన్నప్పుడు జేబులో వేసుకున్నాను. అరచేతిలో పట్టేంత పలక. ఒకవైపు నున్నగా ఉంది, రెండోవైపు వరస వరసగా అలలు, వాగు ఒడ్డున తడి ఇసక మీద ఉంటాయే, అచ్చం అట్లాగే. దువ్వెన పళ్లలాగా ఉందని తీసుకున్నానే గానీ ఏమిటో తెలియదు. ఇంటికొచ్చాక అవ్వ నిక్కరు ఉతకబోతే బయటపడింది.

"యాడిదిరా ఇది?"

"కొండ మీద దొరికింది అవ్వా."

"కొండ మీద పూలే పెట్టుకోకూడదు మనం. అవి సామివి. రాళ్లు మటుకు నీవా? యాడ తీసినావో ఆడ పెట్టేసిరా పో."

తిరుమలలో ఆడవాళ్లు పూలు పెట్టుకోరన్న ఆచారం అందరికీ తెలిసిందే. దాన్ని రాళ్ల దాకా పొడిగించింది మా అవ్వే. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఆ రాయిని తీసుకెళ్లి పెట్టేశాను, సరిగ్గా అదే చోట కాదు గానీ ఆ చుట్టుపక్కలే. నా స్నేహితుడు ఈ కథ విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ అలలు నిజంగా అలలేనట. లోతులేని నీళ్లు అటూ ఇటూ ఊగినప్పుడు అడుగున ఇసక మీద పడిన గుర్తులు, వంద కోట్ల ఏళ్లు దాటినా చెరగలేదు. ఎండిపోయే ముందు ఆ నీళ్లు ఎట్లా కదిలాయో ఆ పలక చూసి చెప్పొచ్చట. "మీ అవ్వ ఫారెస్టు వాళ్లకంటే గట్టి మనిషి" అన్నాడు. అన్నట్టు, ఈ కొండల అడవిలో 353 చదరపు కిలోమీటర్లు 1989 నుంచి శ్రీ వెంకటేశ్వర జాతీయ పార్కు. 2010లో చుట్టుపక్కల అడవులన్నీ కలిపి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ అన్నారు. రాళ్లు ఏరుకోవడం అవ్వ దృష్టిలోనే కాదు, చట్టం దృష్టిలో కూడా తప్పే.

క్వార్ట్‌జైట్ అరగదు, విరుగుతుంది అన్నాను కదా. ఈ కొండ బతుకంతా ఆ విరగడంలోనే ఉంది. గట్టి రాయిని భూమి ఒత్తిడి నొక్కితే అది వంగే బదులు పగులుతుంది. నిలువుగా ఒక వరస, దానికి అడ్డంగా ఇంకో వరస. పొరల గీతలు ఎట్లాగూ ఉన్నాయి. మొత్తం కలిసి కొండ ఒక పెద్ద ఇటుకల పేర్పు అయిపోయింది, మధ్యలో సున్నం లేని పేర్పు.

వాన పడితే నీళ్లు రాతిలోకి ఇంకవు, ఆ పగుళ్లలోకి దిగుతాయి. లోపల్లోపలే నడిచి, ఇంక దిగడానికి సందు లేని చోట పక్కకి తిరిగి, ఏ కోనలోనో బయటికొస్తాయి. వానలు ఆగిపోయి నెలలైనా అక్కడ నీటి చెమ్మ ఉంటుంది. మనం తీర్థమంటాం. కొండ మీద ఆకాశగంగ, పాపవినాశనం, లోపల అడవిలో తుంబురు తీర్థం, కుమారధార, కొండ పాదంలో కపిలతీర్థం. శేషాచలంలో 66 కోట్ల తీర్థాలున్నాయని పెద్దలంటారు. ఆ అంకె చిన్నప్పుడు అతిశయం అనిపించేది. పగుళ్లు లెక్కపెట్టడం మొదలుపెడితే ఇప్పుడు అంత ఎక్కువనిపించదు.

బంగారు బల్లి బతికేది కూడా ఆ పగుళ్లలోనే. చెమ్మ ఉన్న రాతి సందుల్లో, గుహల్లో ఉంటుంది. మగవాటి ఒంటి మీద బంగారు పసుపు. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా చేసిన బెడ్డోమ్ 1870లో దీని గురించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం ఎవరికీ పెద్దగా కనిపించలేదు, 1980లలో మళ్లీ తిరుపతి కొండల్లో కనిపెట్టారు. ఆయన పేరే పెట్టిన సైకస్ బెడ్డోమీ అనే చెట్టు, చూడడానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, అదీ ఈ కొండలదే. ఇక ఎర్రచందనం గురించి కొత్తగా చెప్పేదేముంది. పేపర్లో దాని పేరు స్మగ్లర్ల పేజీలోనే వస్తుంది. రాతి సందుల్లో చారెడు మట్టి ఉన్నచోట, నిదానంగా, మొండిగా పెరిగే చెట్టు అది. ఇదే పార్కులో ఇంకోవైపు తలకోన జలపాతం దూకేది కూడా ఇట్లాంటి రాతిగోడ మీది నుంచే. సుమారు 270 అడుగులు. అక్కడికి వెళ్లేవాళ్లు స్నానం గురించే మాట్లాడతారు, గోడ గురించి కాదు. నేనూ మొదటిసారి అంతే.

పగుళ్లకి ఇంకో ముఖం ఉంది. 2021 నవంబరులో వానలు కుంభవృష్టిగా కురిశాయి. శ్రీవారిమెట్టు దారి కొట్టుకుపోయి 2022 మే దాకా తెరవలేకపోయారు. డిసెంబరు 1న తెల్లారేటప్పుడు రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు పడి రోడ్డే విరిగింది. టీవీల్లో ఆ రోజంతా అదే. మా బంధువుల్లో ఒకాయన, స్వామికి కోపమొచ్చిందన్నాడు. ఇంకొకాయన, రోడ్డు వేసినవాళ్లని తిట్టాడు. నాకు మాత్రం సున్నం లేని పేర్పు గుర్తొచ్చింది. పగుళ్లలో నీళ్లు నిండుతాయి, వేళ్లు దూరతాయి, కింద మెత్తటి పొర అరిగి పై బండకి ఆసరా తప్పుతుంది. ఏదో ఒక వానకి అది దిగుతుంది. కొండ ఇట్లా వెనక్కి వెనక్కి జరుగుతూనే ఉంది, మనం రోడ్డు వెయ్యకముందు నుంచీ. రోడ్డు వేశాం కాబట్టి ఆ జరగడం మనకి ప్రమాదమైంది. ఈ రాయి తీరు నడిచేవాళ్లకి నాలుగు మాటల్లో చెప్పి ఉంటే, గట్టి వాన పడుతున్నప్పుడు దారి ఎందుకు మూస్తారో వివరించే పని ఉండదు. 'ఇంత దూరం వచ్చి వెనక్కి పొమ్మంటారా' అని గేటు దగ్గర జరిగే వాదనలు సగం తగ్గుతాయి.

ఇప్పుడు ఇంట్లో గొడవ.

సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. చిన్నాయన వింటూ వింటూ, "దండం పెట్టాల్సిన కొండ వయసు అడుగుతా ఉండావు. రేపు దేవుడి ఆధార్ కార్డు అడుగుతావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల ఉండిపోయింది. ఆయనది మూర్ఖపు మాట కాదు. ఆయన భయం ఏమిటంటే, ఒకసారి ఇది ఇసకా సిలికా అనడం మొదలుపెడితే, కొండ ఉత్త రాయైపోతుందని.

నాకు దొరికిన జవాబు జియాలజీ పుస్తకంలోది కాదు, ఆయన నాకు చెప్పిన కథల్లోదే. మోకాళ్ల పర్వతానికి ఆ పేరెందుకు వచ్చిందో ఆయనే చెప్పాడు. ఈ కొండంతా ఆదిశేషుడి ఒళ్లు, దీని మీద కాలు మోపకూడదని రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని. అన్నమయ్య కుర్రవాడుగా కొండెక్కుతూ అలిసిపోయి బండ మీద నిద్రపోతే, అమ్మవారు వచ్చి, ఇది సాలగ్రామాల కొండ, కాళ్లకున్న చెప్పులు తీసెయ్యి అందని కూడా ఆయనే చెప్పాడు. ఈ కథలన్నిట్లో గౌరవం అందుకుంటున్నది గుడి ఒక్కటే కాదు. కాలి కింది రాయి కూడా. గుడికి చేరే తొందరలో రాయిని మర్చిపోయింది మనం.

మనం రాయిని ముట్టుకోకుండా పోయే జనం కూడా కాదు. తలయేరు గుండు దగ్గర ఆగి తలా మోకాళ్లూ ఆనిస్తాం. రాయి దగ్గర ఆగడం మనకి అలవాటే. ఇంకో రెండు చోట్ల ఆగమంటున్నాను, అంతే కదా.

సాలగ్రామం మాటొచ్చింది కాబట్టి ఒక పక్కదారి. నేపాల్ గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో చుట్టలు చుట్టుకున్న గుర్తులుంటాయి. అవి ఒకప్పుడు సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవుల శిలాజాలు. మన కొండ రాతిలో అట్లాంటి చుట్ట ఒక్కటి కూడా దొరకదు. ఎందుకంటే ఈ ఇసక పడిన నాటికి గుల్ల ఉన్న జీవి ప్రపంచంలో ఇంకా పుట్టలేదు. ఉన్నవన్నీ కంటికి కనిపించని సూక్ష్మజీవులే. కడప జిల్లాలో వేంపల్లె వైపు రాళ్లలో ఆ సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుర్తులున్నాయి. సాలగ్రామం మీద చక్రం ఎంత పాతదైనా, ఈ కొండ ముందు నిన్నటి పిల్లే. ఈ మాట చెబితే చిన్నాయన మొదటిసారి నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకున్నాడు.

ఆదిశేషుడి కథ ఇంకా విచిత్రం. పడగలు తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అంటారు. చిన్నప్పుడు మ్యాపులో గీసి చూసేవాణ్ణి, పాములానే వంపు తిరుగుతుంది. ఇప్పుడు జియాలజీ మ్యాపు పక్కన పెట్టి చూస్తే, ఆ పాము పడుకున్న చోటంతా కడప బేసిన్ రాళ్లే. సుమారు 44,500 చదరపు కిలోమీటర్లు, నెలవంక ఆకారంలో, ఒకప్పుడు నీళ్లు నిలిచి ఇసకా బురదా సున్నమూ పేరుకున్న పల్లం అది. 1872లో విలియం కింగ్ అనే సర్వే అధికారి కడప, కర్నూలు రాళ్ల గురించి పెద్ద నివేదిక రాసి ఈ రాళ్లన్నిటినీ ఒక లెక్కలోకి తెచ్చాడు. శ్రీశైలం దగ్గరి రాయిని శ్రీశైలం క్వార్ట్‌జైట్ అంటారు, పెన్నా నది కోసుకుపోయిన గండికోటది గండికోట క్వార్ట్‌జైట్, తిరుమలది నగరి క్వార్ట్‌జైట్. అన్నీ ఆ ఒక్క పల్లంలోవే. మీ వంటింట్లో అరకి కడప బండ వేయించారా? అదీ ఈ కుటుంబమే, సున్నపురాయి శాఖ.

ఆ మూడు క్షేత్రాలూ ఒకే కొండ తాలూకు శరీరమని కింగ్‌గారి కంటే ఎన్నో వందల ఏళ్ల ముందు ఎవరో అన్నారు. వాళ్లు రాయి వయసు లెక్కగట్టి అనలేదు, నడిచి అన్నారు. తిరుమల నుంచి అహోబిలం, అక్కణ్ణుంచి శ్రీశైలం కాలినడకన పోయేవాడికి పక్కన అదే పొరల గోడ, అదే ఎర్రటి మొరం, అవే కోనలు కనిపిస్తూనే ఉంటాయి. ఇది నా ఊహే, రుజువేమీ లేదు. కానీ బస్సులో పోయేవాడికి తట్టే కథ మాత్రం కాదు అది.

శిలాతోరణం సంగతి చెప్పకుండా వదిలేస్తే ఎవరో ఒకరు అడుగుతారు. గుడికి ఉత్తరంగా కిలోమీటరు దూరం. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. నీళ్లూ గాలీ పొరల్లో బలహీనమైన చోటుని తొలిచేసి, బలమైన పొరని వంతెనలా మిగిల్చాయి. 1980లలో అది భూగర్భ శాస్త్రవేత్తల దృష్టిలో పడింది. ఇదీ జాతీయ భూగర్భ స్మారకమే. జీపులవాళ్లు అయిదు నిమిషాలు టైమిస్తారు. స్వామి వారి విగ్రహం ఎత్తూ దీని ఎత్తూ ఒకటేనని చెబుతారు. కంచె అవతల నుంచి ఫొటో దిగి వచ్చేస్తాం. నాకు అక్కడ నచ్చేది తోరణం కాదు, దాని రెండు కాళ్లలో ఏటవాలుగా కనిపించే సన్నటి గీతలు. నీటి ప్రవాహం ఎటు పోతూ ఇసకని ఎట్లా వాల్చిందో ఆ గీతల్లో ఉంటుంది. పిల్లలకి చూపించండి, తోరణం కంటే ముందు వాళ్లే పట్టుకుంటారు.

నేనేం అడుగుతున్నానో సూటిగా చెప్పేస్తా. మ్యూజియం వద్దు, లేజర్ షో అసలే వద్దు. గాలిగోపురానికి కింద, రాయి మారే చోటుని తెలిసినవాళ్లు వచ్చి గుర్తించి, ఆ మెట్టు పక్కన కప్పుకి అడ్డం లేకుండా రెండు గజాలు తెరిచి, ఒక గ్రానైట్ ముక్కా ఒక క్వార్ట్‌జైట్ ముక్కా చేతికందేలా గట్టిగా పాతాలి. ఎక్కేవాడు రెండింటి మీదా చెయ్యి పెట్టి పోతాడు. పక్కన తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో నాలుగేసి లైన్లు. కావలిస్తే ఆ రాళ్లకి కూడా పసుపు రాయనివ్వండి. రాస్తారు కూడా, నాకు తెలుసు. రాస్తే ఏం? దాని మీద ఆగి చెయ్యి పెట్టడమే కదా నేనడిగింది.

పోయిన కార్తీకంలో చిన్నాయనతో కలిసి మళ్లీ ఎక్కాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. గాలిగోపురం దాకా పదిసార్లు కూర్చున్నాం. కూర్చున్న ప్రతిసారీ పక్క బండ మీద అరచెయ్యి ఆనించి, "ఇది యాదబ్బా, కిందిదా పైదా?" అని అడిగాడు. ఎగతాళికే అడిగాడు గానీ, ఏడోసారికి తనే చెప్పేశాడు, "ఇది పైది" అని. కరెక్టే.

దిగేటప్పుడు బస్సు. కిటికీ సీటు ఆయనకిచ్చాను. మలుపులు తిరుగుతుంటే చెబుతూనే ఉన్నాను, పైన పొరలు చూడు, ఇంక కాసేపట్లో పొరలు ఆగిపోతాయి, కింద గుండ్ల రాయి మొదలవుతుంది, ఆ మధ్యలో ఒక గీత, రెండు నిమిషాలు రెప్ప వెయ్యొద్దు అని. కోసిన కొండ కిటికీకి దగ్గరగా వచ్చింది, వెళ్లిపోయింది.

"చూసినావా?"

"నువ్వు మాట్లాడతానే ఉంటివి, యాడ చూసేది" అన్నాడు చిన్నాయన.